నడిగడ్డ బడిలో హోంవర్కు బాకీలు: నా అనుభవం

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నేలను మా దగ్గర నడిగడ్డ అంటారు. గద్వాల, గట్టు, అయిజ, అలంపూర్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఉమ్మడి పాలమూరులో ఉన్నప్పుడు జిల్లాకు ఇదొక మూల. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయ్యాక రాష్ట్రానికి మూల. ఇక్కడి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను లెక్కల సార్‌ని. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు చెప్తాను. జడ్చర్ల వైపు నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు అంతకుముందున్న సార్ చార్జి ఇస్తూ ఒకటే మాట చెప్పారు: "పిల్లలు మంచోళ్లే సార్. హోంవర్కు నోట్లు మాత్రం అడగకుండ్రి."

ఎందుకు అడగొద్దన్నారో ఆగస్టులో తెలిసింది.

జూన్, జూలైల్లో అంతా బాగానే నడిచింది. కొత్త పుస్తకాలు, కొత్త అట్టలు, రోజూ నోట్లు టేబుల్ మీద కుప్పగా ఉండేవి. ఆగస్టు నడిమికి వచ్చేసరికి కుప్ప సగమైంది. సెప్టెంబరులో పొద్దున లేచి నోట్లు అడిగితే ముందు బెంచీల్లో నలుగురైదుగురు తప్ప అందరూ కిందికి చూసేవాళ్లు. కారణం ఊరి చుట్టూ కనిపిస్తూనే ఉంది, సీడ్ పత్తి.

బయటి వాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. సీడ్ పత్తి అంటే దూది కోసం వేసే పత్తి కాదు, విత్తనాల కోసం వేసేది. కంపెనీలకు, రైతులకు మధ్య ఆర్గనైజర్లు ఉంటారు. విత్తనం, అడ్వాన్సు వాళ్ల చేతి మీదుగానే వస్తాయి. పూత మొదలైందంటే ఇంటిల్లిపాదికీ పనే. సాయంత్రం ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, రేకులు తీసి, లోపలి కేసరాలను గిల్లేయాలి. తెల్లారి పొద్దెక్కాక మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకూ చేత్తోనే చెయ్యాలి. ఆదివారం లేదు, అమావాస్య లేదు, పూత ఉన్నన్నాళ్లూ సాగాల్సిందే. చెట్టు ఎత్తు పిల్లల ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది, వేళ్లు సన్నం. ఇక చెప్పేదేముంది. పద్నాలుగేళ్ల లోపు వాళ్లను కూలికి పెట్టుకుంటే నేరం. సొంత చేను అయితే మాత్రం బడి వేళలు అయ్యాక ఇంటివాళ్లకు సాయం చేయొచ్చని బాల కార్మిక చట్టం 2016 సవరణలోనే సందు పెట్టారు. ఆ సందులోంచి ఊరంతా పోతుంది.

అంటే మా పిల్లలకు సాయంత్రం ఒక పని, పొద్దున ఇంకో పని, నడుమ బడి. హోంవర్కు ఏ గంటలో చేస్తారు?

మా స్టాఫ్‌లో ఎవరి పద్ధతి వాళ్లది. ఒకరు బోర్డు మూలన పేర్లు రాసేవారు, వారం గడిచినా ఆ పేర్లు చెరిపేవారు కాదు. ఇంకొకరు ఇంపోజిషన్ ఇచ్చేవారు. ఒక్కసారి రాయడానికే తీరిక లేని పిల్లవాడిని పదిసార్లు రాసుకురమ్మంటే ఏమవుతుంది? నాలుగో సారి నుంచి అక్క దస్తూరీ కనబడుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మనసు నొచ్చేలా వేధించడం కూడా నిషేధం. బెత్తం పోయింది గాని నాలుక ఎక్కడికి పోతుంది?

మార్కుల సంగతి ఇంకా విచిత్రం. ఎఫ్.ఏ. అంటే నిర్మాణాత్మక మూల్యాంకనంలో 20 మార్కులు. అందులో రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5, లఘు పరీక్షకు 5, పాఠంలో పాలుపంచుకున్నందుకు 5. కాగితం మీద చక్కగా ఉంటుంది. ఏడాదంతా "సున్నా వేస్తా" అని బెదిరించి, ఆన్‌లైన్‌లో ఎక్కించే చివరి రోజు అందరికీ నాలుగో నాలుగున్నరో వేసేయడం చాలా బళ్లలో జరిగేదే. పిల్లలకు ఇది మనకంటే ముందే తెలుసు. అందుకే ఆ బెదిరింపుకు వాళ్లు బెదరరు.

నేను మొదట పెట్టుకున్న పని, ఎందుకు రాయలేదో కనుక్కోవడం. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "మర్సిపోయిన సార్." ఆ మాటకు తిట్లు తక్కువ పడతాయని వాళ్లకు అనుభవం. అందుకని ఒక్కొక్కరిని టేబుల్ దగ్గరికి పిలిచి, అదే ఎక్సర్‌సైజ్‌లో ఒక లెక్క అక్కడే చెయ్యమనేవాణ్ని. ఎనిమిదో తరగతి, ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు. 3x – 5 = 16 ఇచ్చాను. ఒకబ్బాయి చకచకా 3x = 16 – 5 అని రాసి, 11ను 3తో భాగించబోయి, అది పోకపోయేసరికి పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడు. ఐదు అవతలికి పోతే గుర్తు మారాలని వాడికి తెలియదు. ఆ పాఠం రోజు బడికి రాలేదు. రాత్రి నోటు తెరిచి ఉంటాడు, మొదటి మెట్టు దగ్గరే ఆగి మూసేసి ఉంటాడు, పొద్దున నాకు "మర్సిపోయిన" అని చెప్పాడు. ఇలా ఒక వారం కూర్చోబెట్టి చూస్తే, మర్చిపోయామన్న వాళ్లలో నిజంగా మర్చిపోయిన వాళ్లు తక్కువ. రానివాళ్లు, వచ్చినా సాయంత్రం చేనుకు పోయేవాళ్లు, అర్థం కానివాళ్లు, నోటు అయిపోయి ఇంట్లో అడగలేక ఊరుకున్నవాళ్లు, అందరూ ఆ ఒక్క మాట వెనకే దాక్కున్నారు. ఉత్త బద్ధకంతో రాయనివాళ్లు కూడా ఉన్నారు, లేరనను.

తర్వాత కిరాణా కొట్లో ఉద్దెర రాసుకునే పొడుగు పుస్తకం ఒకటి కొని క్లాసు వెనక అల్మారాలో పెట్టాను. మనిషికో పేజీ. ఎవరి పేజీ వాళ్లే రాసుకోవాలి, నేను రాయను, లీడరు రాయడు. పని ఇచ్చిన తేదీ, ఏ ఎక్సర్‌సైజ్, ఎందుకు కాలేదు, ఎప్పుడు ఇస్తాను, ఇచ్చిన తేదీ. అంతే. పిల్లలే దానికి బాకీ పుస్తకం అని పేరు పెట్టారు. శుక్రవారం నేను తిరగేసి సంతకం పెడతాను.

ఈ అయిదింట్లో బాగా పనిచేసింది నాలుగోది, "ఎప్పుడు ఇస్తాను". మొదట్లో అందరూ "రేపు" అని రాశారు. మర్నాడు చూస్తే రేపు ఇంకా రేపే. అందుకని రేపు, ఎల్లుండి అని రాయకూడదు, తేదీ వెయ్యాల్సిందే అన్నాను. తేదీ వెయ్యాలంటే ఆలోచించాలి కదా. ఒకమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "బుధవారం మాపటికి మా చేన్ల కూలోళ్లు వస్తరు సార్, నాకు పని ఉండదు. గురువారం ఇస్త" అని తేదీ రాసింది. గురువారం ఇచ్చింది కూడా. నేను పెట్టిన గడువును దాటేసినట్టు తను పెట్టుకున్న గడువును దాటలేదు.

కారణాల కాలమ్ చదివితే ఊరు కనిపించేది. "మోటరు కాడ పండుకున్న." "చెల్లెకు జరమొచ్చింది, అమ్మ చేనుకు పోయింది." "నోటు అయిపోయింది, నాయిన సంతకు పోయినప్పుడు తెస్తడు." "అర్థం గాలె." ఒకడు మాత్రం నిజాయితీగా "బుద్ధి గాలె" అని రాశాడు. వాణ్ని తిట్టలేదు. పక్కన టిక్కు పెట్టి, తేదీ వేయించాను. నోటు అయిపోయిన వాళ్ల కోసం ఆఫీసులో ఒకవైపే ప్రింటు పడిన పాత కాగితాలను కట్టగట్టి, దబ్బనంతో కుట్టి అల్మారాలో పెట్టాం. ఆ కారణం అక్కడితో సరి.

బాకీ తీర్చుకోవడానికి వేళ కూడా బడిలోనే ఇచ్చాను, మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంట, వరండాలో. ఇంటికి పోయి చేసుకురమ్మంటే మళ్లీ మొదటికే వస్తుంది. పీటీ పీరియడ్‌ను మాత్రం ముట్టుకోలేదు. రాయని పిల్లల ఆట కోసేయడం తేలిక, నాకూ ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పొద్దున, సాయంత్రం చేనులో నిలబడే పిల్లకు వారంలో దొరికే ఆ రెండు మూడు ఆటల పీరియడ్లు లాక్కుని నేనేం సాధిస్తాను?

పది లెక్కల ఎక్సర్‌సైజ్ బాకీ పడితే పదీ చేయనక్కరలేదు, మూడు చేస్తే చాలన్నాను. ఆలస్యానికి మార్కు కోత లేదన్నాను. ఎందుకంటే రాత పనికి ఉన్నవే ఐదు మార్కులు. రోజుకొకటి కోస్తూ పోతే వారం లోపే సున్నా. సున్నా పడ్డాక ఆ లెక్కలు చేయడానికి పిల్లవాడికి కారణం ఏం మిగులుతుంది? నాకు కావలసింది ఆ గుర్తు ఎందుకు మారుతుందో వాడికి తెలియడం. వాడు మంగళవారం నేర్చుకున్నాడా, పై మంగళవారం నేర్చుకున్నాడా అన్నది వేరే సంగతి. ఆ వేరే సంగతి బాకీ పుస్తకంలో ఉంది, తల్లిదండ్రులు వస్తే అదే చూపిస్తాను. మార్కుల్లో కలపను.

దీనికి మొదటి దెబ్బ ముందు బెంచీ నుంచే తగిలింది. ఎప్పుడూ వేళకు నోటు ఇచ్చే అమ్మాయి లేచి, "మేము రాత్రి కూసోని పది లెక్కలు రాసినం సార్. వాళ్లు పది రోజులైనాక మూడే రాసి అయిదు మార్కులు తీసుకుంటే ఎట్ల?" అంది. క్లాసంతా నిశ్శబ్దం. ఆ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది. అదే వారం ఇంకోటి బయటపడింది. పనీ పాటా లేని, లెక్కలు బాగా వచ్చే ఇద్దరు మగపిల్లలు కావాలనే ఆగుతున్నారు, పదికి బదులు మూడు చేస్తే పోతుందని. తెలివి అంటే తెలివే.

పద్ధతి తీసేయలేదు, బిగించాను. ఆ మూడు లెక్కలు పిల్లలు ఎంచుకోవడం కాదు, నేను ఎంచుతాను. అవి ఎక్సర్‌సైజ్ చివర ఉండే పద సమస్యల్లోంచి ఉంటాయి. గైడు మూసి, నా పక్కన కూర్చుని చెయ్యాలి. వేళకు ఇచ్చిన వాళ్లకు ఇంకో లాభం పెట్టాను: వాళ్ల నోట్లు మర్నాడే దిద్ది ఇస్తాను, తప్పులుంటే సరిచేసి మళ్లీ ఇస్తే రెండోసారి చూసి మార్కు వేస్తాను. బాకీ వాళ్లకు ఆ రెండో చూపు లేదు. పని ఇచ్చిన రోజు నుంచి రెండు వారాలే గడువు. అది కూడా ఎఫ్.ఏ. మార్కులు ఎక్కించే తేదీకి వారం ముందు మూతపడుతుంది. ఆ తర్వాత తెచ్చినా దిద్దుతాను గాని మార్కు ఉండదు, ఎందుకంటే ఒకసారి ఆన్‌లైన్‌లో పడ్డాక మార్చడం నా చేతిలో లేదు. ఆ ఇద్దరు మగపిల్లలు పద సమస్యలు చేసి చూసి, దసరా సెలవులకు ముందే వేళకు నోట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

గైడు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక రోజు నోట్లు దిద్దుతుంటే ఒక లెక్కలో రెండో మెట్టులో 7/12 ఉంది, మూడో మెట్టులో అది 7/2 అయింది, నాలుగో మెట్టులో మళ్లీ 7/12. జవాబు కరెక్టే. పక్క నోటు తీస్తే అదే. దాని కింద నోటులో కూడా అదే. గైడు తెప్పించి చూస్తే అందులో 1 అచ్చు పడలేదు. పిల్లలు ఆ అచ్చుతప్పును కూడా భక్తిగా దించుకున్నారు. ఆ నోట్లన్నీ వేళకు వచ్చినవే! వరండాలో కూర్చుని మూడు లెక్కలు చేసినవాడికి ఎంతో కొంత వచ్చింది, వేళకు పది లెక్కలు దించినవాడికి ఏం వచ్చిందో తెలియదు. అప్పటినుంచి నోటు ఎప్పుడు ఇచ్చినా, ఒక మెట్టు మీద వేలు పెట్టి "ఇది ఎట్ల వచ్చింది?" అని అడిగాకే మార్కు వేస్తున్నాను. వేళ పడుతుంది. రోజుకు అందరినీ అడగడం కుదరదు, వంతుల వారీగా అడుగుతాను.

వీటన్నిటికంటే బాకీని ఎక్కువగా తగ్గించింది హోంవర్కు తగ్గించడం. క్రాసింగ్ నెలల్లో ఇంటికి రెండు లెక్కలే ఇస్తాను. మిగతావి పీరియడ్‌లోనే, పాఠం కుదించి చివరి పావుగంట ఇరవై నిమిషాలు రాయిస్తాను. సిలబస్ వెనకబడుతుందని హెచ్.ఎం. సార్ అడిగారు. వెనకబడింది. కాని రాయని పాఠం మీద ఇంకో పాఠం పెట్టి ముందుకు పోయినా టర్ము చివరి ఎస్.ఏ. పరీక్షలో తేలేది అదే కదా అంటే ఆయన తల పంకించి, "రికార్డులు మాత్రం టైముకు కావాలె" అన్నారు. రికార్డులు టైముకే ఇచ్చాను.

ప్రాజెక్టుల దగ్గర ఒకటి జరిగింది. అనుపాతంతో రాశులను పోల్చే పాఠం, అందులో వడ్డీ లెక్కలు వస్తాయి. బ్యాంకు వడ్డీ రేట్లు సేకరించి పట్టిక రాయమన్నాను. అందరూ ఒకరి దగ్గర ఒకరు చూసి అదే పట్టిక రాశారు. బాకీ పేజీ నిండిపోయిన ఒక అమ్మాయి మాత్రం గడువు ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా వచ్చి, "బ్యాంకుకు పోయేటోళ్లు ఎవరు లేరు సార్" అంది. మీ ఇంట్లో అడ్వాన్సు తీసుకున్నారా అని అడిగితే తీసుకున్నామంది. అదే రాసుకురమ్మన్నాను. మర్నాడు తెచ్చింది: 40,000 అడ్వాన్సు, నూటికి నెలకు రెండు రూపాయలు, ఎనిమిది నెలలు, వడ్డీ 6,400. కింద సొంతంగా ఇంకో గీత గీసి, ఏడాదికి నూటికి 24 అని రాసి, పక్క పిల్ల పట్టికలోంచి బ్యాంకు పంట రుణం వడ్డీ తెచ్చి పోల్చింది. మందుల బస్తాల ఖర్చు వేరే రాసింది, తన పని, తమ్ముడి పని మాత్రం లెక్కలో వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని అడిగితే, "ఇంటోళ్లకు కూలి ఉంటదా సార్?" అంది. ఐదుకు ఐదు వేశాను.

ఆ అమ్మాయి తర్వాత వరసగా రాకపోతే చేను దగ్గరికే పోయాను. క్రాసింగ్ రోజుల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెడితే కుర్చీలే మిగులుతాయి, కాబట్టి మనమే పోవాలి. వాళ్లమ్మ గట్టు మీదికి వచ్చి, పసుపు పుప్పొడి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"ఏమ్మా, పాపను వారం నుంచి పంపుతలేరు?"

"ఏం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సార్. కూలోళ్లు దొరకరు. పువ్వు ఆగదు."

నేను చట్టం గురించి చెప్పబోతుంటే వాళ్ల నాయన అడ్డం వచ్చి, "పొద్దుటిది మేము జూసుకుంటం సార్. బడి ఇడిశినంక మాత్రం రానియ్యుండ్రి" అన్నాడు. నాకు నచ్చిన ఒప్పందం కాదు. కాని పిల్ల మర్నాటి నుంచి ప్రార్థనకు ముందే వచ్చింది. బాకీ పేజీలో పాతవి అన్నీ తీరలేదు, కొత్తవి మాత్రం పెద్దగా పడలేదు.

అందరికీ ఇది అందలేదు. పూత అయిపోయాక కొందరు తల్లిదండ్రులతో హైదరాబాద్‌కు బిల్డింగ్ పనులకు పోతారు, సంక్రాంతి దాటాక వస్తారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పోయి వచ్చేవాళ్ల నాలుగు రోజుల బాకీ వరండాలో తీరుతుంది గాని, రెండు నెలల బాకీ మధ్యాహ్నం అరగంటలో తీరదు. అలాంటి పిల్లల పేజీలో పాతవన్నీ కొట్టేసి, ముందు పాఠాలకు తప్పనిసరి అయినవి మాత్రం ఉంచుతాను. ఎనిమిదిలో అయితే సమీకరణాలు, బీజీయ సమాసాలు. నిర్మాణాలు తర్వాత చూసుకోవచ్చు.

పదో తరగతిలో ఈ వదులు అంతగా కుదరదు. అక్కడ 20 ఇంటర్నల్ మార్కులు పబ్లిక్ పరీక్ష 80తో కలుస్తాయి, రికార్డులు తనిఖీకి వస్తాయి. రెండు వారాల గడువును అక్కడ వారానికి తగ్గించాను, మిగతాదంతా అలాగే ఉంచాను.

మా ఇంగ్లిష్ మేడం బాకీ పుస్తకం తన క్లాసులకు కూడా తీసుకున్నారు గాని, వారం దాటితే ఒక మార్కు కోస్తారు. "నాకు కోత పెట్టినంకనే నోట్లు వస్తున్నయి సార్, మీకే ఆలస్యంగ వస్తయి" అంటారు. నిజమే, పిల్లలు ముందు ఆమె పని చేసి తర్వాత నాది పట్టుకుంటారు. ఉత్తరం రాయడం ఆలస్యమైనా కొత్త ఉత్తరం రాయొచ్చు, లెక్క అలా కాదు, వెనకది రాకపోతే ముందుది రాదు అని నేనంటాను. ఆమె ఒప్పుకోరు. ఈ జూన్‌లో ఇద్దరం ఒకే తొమ్మిదో తరగతికి చెప్పబోతున్నాం. ఒకే పుస్తకం పెట్టాలా, రెండు పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు.